అడవి వరి

గురునాథరావు మాష్టారి పెరట్లో దొంగ పడింది.

దొంగంటే ఓ ముసలమ్మ. చేతిలో కొడవలి లేదు, సంచీ లేదు. మురుక్కాలవ పక్కన దానంతటది మొలిచిన నల్ల వరి కంకుల్ని కూర్చుని నిమురుతోంది.

“ఏయ్! కౌన్ హై?” అని గావుకేక పెట్టాడు మాష్టారు.

ఆమె లేచి చేతులు జోడించింది.

“పాకన్ దే గురుజీ. బిజహా బర్ చాహీ.”

పండనివ్వమంటోంది. విత్తనానికి కావాలంటోంది.

“విత్తనాలు బజార్లో దొరకవా?” అని హిందీలో కసిరాడు మాష్టారు.

“ఇది దొరకదు” అందామె.

మాష్టారికి నవ్వొచ్చింది. విజయనగరం నుంచి భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటు స్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నవాడికి వరి సంగతి ఈవిడ చెప్పాలా! అది అడవి వరి. ఎవరూ నాటకుండానే మొలిచింది. నల్లటి గింజ, పొడుగాటి ముల్లు. మనం తినే వరికి ముత్తాత. పరిణామ సిద్ధాంతమే నడిచొచ్చి తన కొత్త క్వార్టరు పెరట్లో నిలబడితే, దంచుకు తినమని ఎవరికో ఇచ్చేస్తాడా?

ఆమె మాత్రం వస్తూనే ఉంది. కంచె అవతల నిలబడి, కంకుల్ని చూసుకుని పోయేది.

“పండాక నాలుగు కంకులు ఇచ్చీయండి” అంది భార్య సూర్యావతి. “పెద్దావిడ. అంతలా అడుగుతోంది.”

“నీకు తెలీదు. ఇవాళ కంకులంటుంది, రేపు గిన్నెలు పట్టుకుపోతుంది.”

ఇంతలో స్కూలుకి ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. గింజలు ఇంకా పాలు పోసుకుంటున్నాయి. మాష్టారు ఆగలేదు. వేళ్లతో సహా అన్నీ పీకి, పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, క్లాసు పిల్లల చేత తలా ఒకటి అట్టలకు అంటింపజేశాడు.

ఇన్‌స్పెక్టరు ముందు పాఠం అదరగొట్టాడు.

“ఒక్క కంకి గింజలైనా అన్నీ ఒక్కలా మొలవవు. ఆ నేలకీ ఆ వానకీ సరిపడ్డది నిలుస్తుంది. తన గుణాలు తన పిల్లలకిస్తుంది. తరతరాలుగా అలా నిలిచినవే ఇన్ని రకాలు. ఒక రకం అంతరించిందా, మళ్ళీ పుట్టదు.”

ఇన్‌స్పెక్టరు భుజం తట్టాడు.

ఆ ముచ్చట భార్యకు చెబుదామని మాష్టారు ఉషారుగా ఇంటికొచ్చాడు. పెరట్లో ముసలమ్మ ఉంది. ఖాళీ నేలని వేళ్లతో కెలికి వెతుకుతోంది.

మాష్టారు నెమ్మదిగా దగ్గరికి వెళ్లాడు.

“ఎక్కో ఠన్ నై, గురుజీ?”

ఒక్కటైనా మిగల్లేదా అని.

మాష్టారు తల దించుకున్నాడు. అట్టల మీద ఉన్నవన్నీ పచ్చి గింజలే. ఒక్కటీ మొలవదు.

ఆమె తిట్టలేదు. చేతులకంటిన మట్టి చీరకు తుడుచుకుని వెళ్లిపోయింది.

పక్క క్వార్టరు అప్పలసూరి అప్పుడే డ్యూటీ దిగి వస్తున్నాడు. ప్లాంటు తొలి రోజుల్లో నేల కొలిచే గుంపులో పనిచేసినవాడు. ఆమెను చూసి సైకిలు దిగి, వంగి దండం పెట్టాడు.

“ఆవిడ నీకు తెలుసా సూరీ?”

“తెలీకేటి మాష్టారూ! మేం టేపులట్టుకుని ఎండలో తిరుగుతుంటే పిలిసి మరీ గంజి పోసీది. నల్లొడ్ల గంజి. ఆ వొడ్లు ఈళ్లింట్లో తప్ప ఇంకెక్కడా నేవట. అత్త దాసిన ఇత్తనం కోడలికి ఇచ్చుకుంటారట.”

“ఇప్పుడెక్కడుంటోంది?”

“అవతలెక్కడో బూమి ఇచ్చారు. ఇత్తనవే నేదు.”

మాష్టారు ఖాళీ పెరటికేసి తిరిగాడు. ఎందరు అత్తలు, ఎందరు కోడళ్లు ఏరి ఏరి నిలబెట్టుకున్న పంటో అది! దాన్ని అడవి వరి అన్నాడు. ఆమెను దొంగ అనుకున్నాడు.

“పాపం చేశానయ్యా” అన్నాడు. మళ్లీ ఆయనే అడిగాడు. “మరి ఆ వరి నా పెరట్లో ఎందుకు మొలిచింది?”

అప్పలసూరి వింతగా చూశాడు.

“మొలవదేటండీ? కోతకొచ్చిన సేలోనే గదా మేం హద్దురాళ్లు పాతినాం. మీ క్వార్టరు, మా క్వార్టరు, ఈ లైనంతా ఆవిడ పొలవే.”