రెండో నంబరు ట్యాంకు

"రెండో నంబరు ట్యాంకు కూలబోతోంది! ఏ క్షణమైనా పడుతుంది! ఎక్కడి సామాన్లు అక్కడే వదిలేసి బయటికి రండి!"

మునిసిపాలిటీ జీపు మైకులో ఆ కేక వినగానే కోడలు పొయ్యి ఆర్పేసి వాకిట్లోకి పరిగెత్తింది. వీధి మొగలోనే ఉంది ట్యాంకు. నాలుగు స్తంభాల మీద, చుట్టూ ఉన్న ఇళ్లకు మూడింతల ఎత్తు. దాని నీడ వాకిలి దాటి గది గుమ్మం దాకా పరుచుకుని ఉంది. రోజూ ఆ నీడలోనే కూర్చుని కూరలు తరిగేది. ఇవాళ ఆ నీడలోంచి పక్కకు జరిగింది.

గదిలో మంచం మీది నుంచి అత్త అరిచింది.

"ఏమే, ఏం మునిగిందని ఆ గోల?"

"ట్యాంకు పడిపోతుందట అత్తయ్యా. మనం వెళ్లిపోవాలి."

"తుంటి విరిగినదాన్ని ఎలా వస్తానే? డాక్టరు కదలొద్దంటాడు, మునిసిపాలిటీ వాళ్లు పరిగెత్తమంటారు. నువ్వు పో. నాకు నూకలు చెల్లాయనుకుంటా."

"మీకు నూకలు చెల్లితే రోజూ నాతో పోట్లాడేదెవరు? మాట్లాడకుండా నా మెడ పట్టుకోండి."

పక్కింటి దర్జీ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ముసలావిడను కుర్చీలో కూర్చోబెట్టి, పాత చీరతో నడుముకు బిగించి కట్టారు. లేపగానే ఆవిడ కెవ్వున అరిచింది.

"ఓర్చుకో పెద్దమ్మా, ఊరేగిస్తున్నామనుకో" అన్నాడు దర్జీ.

"ఊరేగింపు కాదురా వెధవా, శవయాత్రలా ఉంది."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ట్యాంకు కింద ఇనప టోపీ పెట్టుకున్న ఇంజనీరు చేతిలో కాగితంతో నిలబడి అందరినీ తోలుతున్నాడు. కోడలు ఒక్క క్షణం ఆగి పైకి చూసింది. ఎండకు కళ్లు చెదిరాయి.

"పగులు ఎక్కడండీ? నాకేం కనబడటం లేదే."

"అందరికీ కనబడితే మేమెందుకమ్మా? రిపోర్టులో ఉంది. నడవండి, నడవండి!"

వీధి మలుపులో మునిసిపాలిటీ వాళ్లు పైపు కోసమని తవ్వి పూడ్చకుండా వదిలేసిన గొయ్యి ఉంది. దర్జీ కాలు అందులో పడింది. కుర్చీ ఒరిగింది. అత్త గుండెలవిసేలా అరిచి, తర్వాత పూర్తిగా ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కోడల్ని ఎక్కువ భయపెట్టింది.

"అత్తయ్యా! అత్తయ్యా, పలకండి!"

"పలుకుతాలే. ముందు కుర్చీ నిలబెట్టు."

అంతలో వెనక ఢామ్మని పెద్ద చప్పుడు. వీధిలో జనమంతా తలలు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. కోడలు అత్త మీద అడ్డంగా వాలి కళ్లు మూసుకుంది. కొట్టతను షట్టరు కిందికి లాగాడని తెలియడానికి కొంతసేపు పట్టింది. అతన్ని తిట్టుకుంటూనే అందరూ లేచి పరిగెత్తారు.

మునిసిపల్ ఆఫీసు వెనకాల రేకుల హాలుకు చేరేసరికి కోడలి చీరంతా చెమటకు తడిసిపోయింది. నలభై మంది దాకా లోపలికి వెళ్లారు. వెనకే జీపులో వచ్చిన ఇంజనీరు తలుపు మూసి బయట తాళం వేయించాడు.

"తాళమెందుకండీ?" అంది కోడలు కిటికీ చువ్వలు పట్టుకుని.

"ఇక్కడ కూర్చున్నాక బంగారమనీ కాగితాలనీ మళ్లీ ఇళ్లకు పరిగెత్తుతారు. మీ సంగతి మాకు తెలియదా? ట్యాంకు సంగతి తేలాక నేనే వచ్చి తీస్తాను."

తాళంచెవి జేబులో వేసుకుని అతను జీపెక్కి, ఖాళీ అయిన వీధికి కాపలా కాయడానికి వెళ్లిపోయాడు.

కోడలు అత్త తలను ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు తాగించింది.

"బతికాం కదే" అంది అత్త. "ఆ గోతిలో పడేసినప్పుడు మాత్రం ట్యాంకే నయమనిపించింది."

ఈసారి దర్జీకి నిజంగానే నవ్వొచ్చింది. చుట్టూ నలుగురు నవ్వారు.

గోడకు అంటించిన ఖాళీ చేయింపు ఉత్తర్వు దగ్గర మాత్రం ఒకతను నవ్వకుండా నిలబడి ఉన్నాడు. మునిసిపాలిటీకి బోర్డులు రాసే పెయింటరు అతను. కాగితం మీద వేలు పెట్టి చదువుకుంటూ తేదీ దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, రెండో నంబరు ట్యాంకుకు పగులుందని రిపోర్టు రాసింది పోయిన నెలలో."

"అయితే ఏమైంది? మనవాళ్లు నెల తర్వాత లేచారు. ఎప్పుడూ ఉన్నదేగా" అంది కోడలు.

"అది కాదమ్మా. ట్యాంకుల మీద నంబర్లు నేను పోయిన వారమే మార్చి రాశాను. ఈ ఆఫీసు పక్కనున్న ట్యాంకే ఒకటో నంబరు కావాలని చైర్మన్ గారు పట్టుబట్టారు. అప్పటిదాకా మీ వీధిలోదే ఒకటి."

"మరి అప్పుడు రెండోది ఏది?"

పెయింటరు చెయ్యెత్తి హాలు పైకప్పు కేసి చూపించాడు.

రేకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. కిటికీలోంచి ఎండ మాత్రం మొహాన కొడుతూనే ఉంది.