కాదనలేను

“మీలో ఉన్న పెద్ద బలహీనత ఏమిటి?”

మేట్రన్ తలెత్తకుండానే అడిగింది. పొద్దుటి నుంచి పన్నెండు మంది నర్సులు ఆ కుర్చీలో కూర్చుని లేచి వెళ్లారు. అందరికీ బలహీనతలు ఉన్నాయి గానీ ఒక్కటీ బలహీనతలా లేదు. ఒకావిడకి శుభ్రం ఎక్కువట. ఇంకొకావిడకి ఓపిక మరీ ఎక్కువట. ఎవరి డప్పు వాళ్లు కొట్టుకుని వెళ్లారు.

పదమూడో నర్సు గొంతు సవరించుకుంది. “మేట్రనమ్మ ఒక్క ప్రశ్నే అడుగుతుంది, దాన్లో తేడా వస్తే అంతే” అని దరఖాస్తు ఇచ్చిన రోజే అటెండరు చెప్పాడు. ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు వాళ్లక్క దగ్గర నేర్చుకుని, బస్సులో వస్తూ మూడుసార్లు వల్లెవేసింది.

“ఎవరేం అడిగినా కాదనలేను మేడమ్. ఎవరైనా రాకపోతే వాళ్ల డ్యూటీ కూడా నేనే చేసేస్తాను. ఇప్పుడున్న నర్సింగ్ హోమ్‌లో వారానికి నాలుగు రోజులు డబుల్ డ్యూటీయే.”

నేర్చుకున్న జవాబే అయినా అందులో అబద్ధం లేదు. అదే ఆమె ఖర్మ. డ్యూటీ మీద డ్యూటీ చేసీ చేసీ, రెండేళ్ల కూతురు అమ్మమ్మని అమ్మా అని పిలిచే దాకా వచ్చింది. ఈ ఆసుపత్రిలో మాత్రం ఈ మధ్య ఎనిమిది గంటలు కాగానే మేట్రనే దగ్గరుండి ఇంటికి తరిమేస్తోందని విన్నది. అప్పటి నుంచీ ఈ ఇంటర్వ్యూ కోసం వేయి కళ్లతో ఎదురుచూసింది. ఈ ఉద్యోగం వస్తే కూతురు మళ్లీ తన కూతురవుతుంది.

మేట్రన్ అప్పుడు తలెత్తింది. ఎదుట ఎర్రబడ్డ కళ్లు, చెప్పుల్లో పట్టనంతగా వాచిన పాదాలు.

“నిన్న ఎన్నింటికి డ్యూటీ ఎక్కారు?”

“మధ్యాహ్నం రెండింటికి మేడమ్. పొద్దున ఎనిమిదింటికి దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాను.”

ఆ మాట కాస్త గొప్పగానే చెప్పింది. మేట్రన్ గోడకి ఉన్న డ్యూటీ చార్టు వైపు చూసింది. అందులో ఒక వరుసలో పేరు మీద తెల్ల సిరా పూసి ఉంది.

“ఇవాళ మా వార్డులో ఒక సిస్టర్ రాలేదు. రెండింటి నుంచి మీరు చెయ్యగలరా?”

పాపకి జ్వరం, తొందరగా రమ్మని పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. అయినా నోరు తన అలవాటు మానలేదు.

“చేస్తాను మేడమ్.”

“రేపు పొద్దున దాకా ఉండమంటే?”

“ఉంటాను మేడమ్.”

మేట్రన్ ఫైలు మూసి ఆమె ముందుకు తోసింది. “ఈ ఉద్యోగం మీకు ఇవ్వలేను. వెళ్లిరండి.”

నర్సుకి ఒళ్లు మండిపోయింది.

“ఇదెక్కడి న్యాయం మేడమ్? చెయ్యనంటే బద్ధకం అంటారు. చేస్తానంటే పొమ్మంటారు. ఇంట్లో నా బిడ్డ జ్వరంతో ఉంది. అయినా మీరు అడిగారని ఉంటానన్నాను. ఇంకేం చెయ్యమంటారు?” ఆఖరి మాట దగ్గర ఏడుపు ఆగలేదు.

మేట్రన్ మంచినీళ్ల గ్లాసు ఆమె దగ్గరికి జరిపింది.

“కూర్చో అమ్మా. ఈ ఖాళీ ఎలా వచ్చిందో చెబుతాను. నీ ఈడు పిల్లే. రెండేళ్ల కిందట ఈ కుర్చీలోనే కూర్చుని ఇదే జవాబు చెప్పింది. పెద్ద డాక్టరుగారు ముచ్చటపడి తీసుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఎవరింట్లో పెళ్లయినా ఆ పిల్లే, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆ పిల్లే. ఒక రోజు రెండు డ్యూటీలు చేసి, ఇంటికి వెళ్దామని సంచి భుజానికి తగిలించుకుంది. ఇంకో సిస్టర్ రాలేదు. ‘ఈ ఒక్కసారికీ నా మాట కాదనకు’ అన్నాను. నవ్వుతూ సంచి తీసి మళ్లీ మేకుకి తగిలించింది.”

మేట్రన్ ఆగి, బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

“ఆ డ్యూటీ కూడా దిగాక స్కూటర్ మీద బయల్దేరింది. బండి మీదే నిద్రపోయింది. బ్రేకు కూడా వెయ్యలేదట.”

నర్సు గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేసింది.

“మళ్లీ అడుగుతున్నాను. ఇవాళ రెండింటి నుంచి డ్యూటీ చేస్తావా?”

నర్సు నోరు తెరిచి, అలవాటైన మాటని మింగేసింది. పాప ఒళ్లు ఎంత కాలిపోతోందో అనుకుంది.

“చెయ్యలేను మేడమ్. ఇంటికెళ్లాలి. పాపని చూసుకోవాలి. పడుకోవాలి.”

“ఇంకోసారి చెప్పు.”

“చెయ్యలేను.”

మేట్రన్ ఫైలు వెనక్కి లాక్కుని సంతకం పెట్టింది. లేచి వెళ్లి, చార్టులో తెల్ల సిరా మీద కొత్త పేరు రాసింది. పేరు చిన్నదే గానీ రాయడానికి చాలాసేపు పట్టింది.

“సోమవారం వచ్చి చేరు. రాకపోకలు బస్సులోనే.”

నర్సు దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్లింది. ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

“ఆ అమ్మాయికి అమ్మ ఉన్నారా మేడమ్?”

“ఉంది.”

“అయ్యో. ఎలా తట్టుకున్నారో పాపం. ఇప్పుడేం చేస్తున్నారావిడ?”

మేట్రన్ పద్నాలుగో ఫైలు ముందుకు లాక్కుంది.

“ఇంటర్వ్యూలు చేస్తోంది.”