ఫ్రిజ్ మీద దుప్పటి

"ఆ ఫ్రిజ్జు మీద దుప్పటి కప్పు లక్ష్మీదేవీ, సర్వే వాళ్లు రేపే వస్తాండారు!"

ధర్మవరం నేతగాళ్ల వీధిలో బొరుగుల గంప దించీ దించకముందే రామాంజినమ్మ అన్న మాట ఇది.

మగ్గం మీదున్న లక్ష్మీదేవమ్మ నాడె ఆపింది. "యా సర్వే అక్కా?"

"అదే మే, బెంగుళూరు ప్రొఫెసరుది. గ్రూపు లోన్లు తీసుకుంటే పేదోళ్లు బాగుపడతారా లేదా అని ఏటేటా అడగతాండారు గదా? ఈసారి మీరు బాగుపడినారని తేలిందనుకో, సర్వే మూసేసి ఆ మాట పైకి రాసి పంపుతారు. ఇంగ నీ రేషన్ కార్డు గోవిందా!"

"నీకెట్ల తెలుసు?"

"రైల్లో తిరిగేదాన్ని. నా చెవిన పడనిది యాడుంటాది?"

రామాంజినమ్మది హిందూపురం. బట్టీలో బొరుగులు ఎత్తుకుని, ప్యాసింజర్ ఎక్కి, పెనుకొండలోనూ ధర్మవరంలోనూ అమ్ముకుంటుంది. పిల్లి తుమ్మితే భూకంపం వచ్చిందనుకునే మనిషి. అలాంటి మనిషికి ఈ సర్వే సంగతి తెలిసినప్పటి నుంచి ముద్ద గొంతు దిగడం లేదు. పేదరికం తగ్గిందని వాళ్లు తేల్చిన రోజున తన ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అంతే. ఇంకో దారి లేదు.

పెనుకొండలో ఈ పని ముందురోజే ముగించుకొచ్చింది. గొర్రెలు మేపే నాగక్క కాసేపు మొండికేసింది.

"లోను తెచ్చి మంద పెంచుకుంటి. లేదని యాల చెప్పల్ల?"

"చెప్పు తల్లీ, చెప్పు. కార్డు పోయినాక ఆ గొర్రెల్నే అడుగు, బియ్యం పోస్తాయేమో."

సాయంత్రానికి నాగక్క మందలో సగం తమ్ముడి దొడ్డికి చేరింది.

ధర్మవరంలో జరిగేది మాత్రం కళ్లారా చూస్తే గానీ గుండె నిలవదనుకుంది రామాంజినమ్మ. సర్వే రోజు పొద్దున్నే వచ్చి, లక్ష్మీదేవమ్మ ఎదురింట్లో, నల్లమ్మ తలుపు చాటున కూర్చుంది. సర్వే వాళ్ల కంట పడితే ఇదంతా ఎవరి పనో తెలిసిపోతుంది మరి.

సర్వే అబ్బాయి బండి మీద వచ్చాడు. హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతోంది. లారీలు తిరిగే రోడ్డులో వట్టి తలతో ఎలా వచ్చాడో అని రామాంజినమ్మకు వణుకు పుట్టింది. ఎవరికేం జరుగుతుందన్నా ముందు భయపడేది ఆమే.

అబ్బాయి అరుగు మీద కూర్చుని ట్యాబ్ తీశాడు. "లోను తీసుకున్నాక ఇంట్లోకి ఏమైనా కొన్నారా అక్కా?"

"ఏం కొంటాం నాయనా. గంజినీళ్లకే జరగల్యా." లక్ష్మీదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. నల్లమ్మ సాయం చేద్దామని వీధి దాటి వెళ్లింది. రామాంజినమ్మ చెప్పమన్న మాటకు ఇంకో గుప్పెడు ఉప్పేసి చెప్పింది.

"వాళ్లింట్లో ఏముండాది సారూ! పండగొస్తే మా ఇంటికొచ్చి పప్పు పోయించుకోని పోతాది, పాపం."

లక్ష్మీదేవమ్మ నోటి మీది కొంగు జారిపోయింది.

"ఏమే నల్లీ! నేను నీ ఇంట్లో పప్పు అడుక్కుంటినా? ఎండాకాలమంతా ఐసు ముక్కల కోసరం మా గడప అరగదీసింది ఎవరే?" అంటూ లోపలికి దూకి, ఒక్క ఊపున దుప్పటి లాగేసింది. "నువ్వే చూడు సారూ, రెండు తలుపుల ఫ్రిజ్జు!"

ఎర్రటి ఫ్రిజ్ నిగనిగలాడుతూ గుర్రుమంది.

తలుపు చాటున రామాంజినమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. కదిరి నరసింహస్వామీ, ఈ గండం గట్టెక్కిస్తే తలనీలాలిచ్చుకుంటా తండ్రీ!

అబ్బాయి ఫ్రిజ్ వంక చూశాడు. ట్యాబ్ వంక చూశాడు. వీధిలో అటూ ఇటూ చూశాడు.

"ఇది పని చేయదు గదక్కా?"

"యాల చేయదు? నిన్ననే..."

"పాతదై ఉంటాదిలే." వేలితో ఏదో నొక్కేశాడు. "తర్వాతి ప్రశ్న. రోజుకు ఎన్ని పూటలు తింటాండారు?"

స్వామే ఆ అబ్బాయి కళ్లకు పొర కమ్మించాడనుకుంది రామాంజినమ్మ. అక్కడికక్కడే కదిరి దిక్కుకు తిరిగి దండం పెట్టింది.

బెంగుళూరులో లెక్క తేలే రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రం రామాంజినమ్మ గుమ్మం దగ్గర బొరుగులు చెరుగుతూ ఉంటే సర్వే అబ్బాయి బండి వచ్చి ఆగింది. అతని ముఖంలో మంచీ కనబడలేదు, చెడ్డా కనబడలేదు. ఆమె చేట పక్కన పెట్టేసింది. నాగక్క గానీ నోరు జారిందా? నల్లమ్మ గానీ తన పేరు చెప్పేసిందా?

అబ్బాయి చెప్పులు విడిచి, ఆమె పక్కనుంచే నడిచి, నేరుగా వంటింట్లోకి పోయి పీట వాల్చుకున్నాడు.

"పేదరికం యాడా తగ్గల్యాని రాసినారమ్మా, నా ఉద్యోగం ఇంగా మూడేండ్లు ఉంటాది, అన్నం పెట్టు," అన్నాడు కొడుకు.