మజత్లాన్‌లో ఎలా తిరగాలి

"మెక్సికోలో లోకల్ బస్ మాత్రం అస్సలు ఎక్కొద్దు. సేఫ్ కాదు," అన్నాడు అనుదీప్.

అమెరికాలో, టెక్సస్‌లోని కాపెల్‌లో అతని ఇంట్లో శనివారం పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. పెద్ద టీవీలో, అతను ఈమధ్యే వెళ్లొచ్చిన మెక్సికో ఊరు మజత్లాన్ ఫొటోలు మారుతున్నాయి. సముద్రం పక్క రోడ్డు, చేపల బజారు, కొండ మీది లైట్‌హౌస్. అనుదీప్ తను పుట్టి పెరిగిన ఊరిలా వీధి వీధీ వర్ణిస్తుంటే, అతిథులు బిర్యానీ ప్లేట్లు చేతిలో పట్టుకుని నోరెళ్లబెట్టి చూస్తున్నారు.

"సమ్మర్‌లో మేమూ ప్లాన్ చేస్తున్నాం. ఈ బజార్‌కి ఎలా వెళ్లాలి అన్నా?" అని అడిగిందొక అమ్మాయి.

అనుదీప్ దగ్గాడు. "అది... రెంటల్ కార్‌లో..."

"ఆకుపచ్చ బస్సు బిడ్డా," అన్నాడు మూల కుర్చీలోంచి అతని తండ్రి తిరుపతయ్య. ముప్పై ఏళ్లు ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. "ఫొటోలన్నీ నేను తీసినయే. వీడు కారైతే తెచ్చిండు గానీ, భయపడి హోటల్ గేటు దాటలే. నేను రోజూ బస్సెక్కి ఆఖరి స్టాప్ దాక పోయొచ్చిన. నేను తెలుగుల అడిగిన, డ్రైవర్ ఆయన భాషల చెప్పిండు. దారి తెలిసింది."

అందరూ నవ్వారు. అనుదీప్ ముఖం మాడ్చుకున్నాడు.

"ఏమన్నా అయితే ఎవరు రెస్పాన్సిబుల్ బాపూ? ఇక్కడైతే నాకు నీ గురించి టెన్షనే లేదు."

"నిజమే. కాపెల్ మస్తు సేఫు," అని ఒప్పుకున్నాడు తిరుపతయ్య. "వచ్చి ఐదు నెలలాయె. ఇక్కడ ఎక్కుదామంటే బస్సే లేదు, ఒక్కణ్ని ఇంటి ముందటి ఆ మెయిల్‌బాక్స్ దాటి ఎటూ పోలే."