ఎర్రబండి జబ్బులు

గన్నవరం అక్విడక్టు వంతెన మొదట్లోనే బండి ఆగిపోయింది. ముందు పొగ వచ్చింది. తర్వాత కుక్కరు కూత లాంటిది వచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

రాజ్‌కుమార్ స్టీరింగు మీద ఒక్క గుద్దు గుద్దాడు. హారన్ మోగింది. ఆ బండిలో అడిగిన వెంటనే పనిచేసేది అదొక్కటే.

పదకొండింటికల్లా పాలకొల్లులో ఉండాలి. అక్కడ బండి కొనే మనిషి కాచుకుని ఉంటాడు. పదకొండు దాటితే భీమవరం వెళ్లిపోతాడు, బేరం తప్పిపోతుంది. ఇప్పుడు తొమ్మిదిన్నర.

చూపులకి మాత్రం బండికి వంక పెట్టలేం. రెండే తలుపులు, నేలకి జానెడెత్తు, డిక్కీ మీద ఒక రెక్క. పెద్ద కారు కొనలేని వాళ్ల సరదా కోసం పదిహేనేళ్ల కిందట చేసిన బండి. సరదా తీరింది, బండి మిగిలింది.

తలుపుకి లోపలి పిడి లేదు. దించి ఉన్న అద్దంలోంచి చెయ్యి బయటికి పెట్టి, బయటి పిడి లాగి, దిగాడు.

వెనక కొబ్బరికాయల ఆటో ఆగింది. దాన్ని నడిపే రత్నం దిగి వచ్చి బండి చుట్టూ ప్రదక్షిణం చేశాడు. రెక్క మీద చెయ్యి వేసి నిమిరాడు.

"మీదేనాండీ?"

"నాదే."

"కొని ఎన్నాళ్లయిందేంటండీ?"

"రెండేళ్లు."

"రెండేళ్లే! మీ ఓపిక మెచ్చుకోవాలండి. ఇంకోళ్లయితే రెండ్రోజులకే సన్యాసం పుచ్చుకుందురు."

ఈలోగా బస్సొచ్చి ఆగింది. జనం దిగారు. పెట్రోలు అయిపోయిందన్నాడు ఒకాయన. దిష్టి అంది ఒకావిడ. ఈ బండికి దిష్టి పెట్టే కళ్లెవరికున్నాయన్నాడు ఇంకొకాయన.

రత్నం పక్కకెళ్లి ఫోన్ చేశాడు.

"ఆయ్, ఇక్కడేనండి, అక్విడక్టు దగ్గరే. ఆయ్, ఎర్రదేనండి. ఎక్కడికెళ్తాదండీ, వెళ్లే బండైతేగా!"

ఫోను జేబులో పెట్టుకుని వచ్చాడు. "ఈ రకం బండి సంగతి తెలిసినాయన ఈ చుట్టుపక్కల ఒక్కరేనండి. దుర్గారావుగారని. ఆయన షెడ్డు మీరొచ్చిన దారిలోనే, వెనక ఊళ్లో. తోసేద్దాం."

రాజ్‌కుమార్ కూడా తోయబోయాడు. రత్నం ఒప్పుకోలేదు.

"మీరు కూర్చోండి. మా ఊరొచ్చి మీరు బండి తోస్తే మా పరువేం గానండీ?"

ఎనిమిది మంది తోశారు. వచ్చిన దారినే బండి వెనక్కి వెళ్లింది. పొద్దుటి నుంచీ అది అంత సాఫీగా నడవలేదు.

షెడ్డులో ఎడమ తలుపు గోడకి ఆనేలా నిలబెట్టారు. రాజ్‌కుమార్ దిగాడు. దుర్గారావు లుంగీకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బానెట్ ఎత్తలేదు. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

"ఫ్యాను తిరగదండి. నీళ్లు మరిగిపోతాయి. అవునాండీ?"

"అవును."

"రెండో గేరు పడదు. ఒకటి నుంచి మూడుకి దూకాలి."

"అవును."

"ఎడంపక్కకి తిప్పితే ముందు చక్రం టకటకలాడుద్ది. వానొస్తే నీళ్లన్నీ తోలేవాడి కాళ్లమీదే. ఇక తాళంకన్నం అరిగిపోయి బీరువా తాళం పెట్టినా స్టార్టయిపోద్ది. మీరు పెట్టింది స్కూటరుది గదండీ?"

రాజ్‌కుమార్ తాళాన్ని గుప్పిట్లో మూశాడు. "అసలుది ఎక్కడో పోయింది."

"పోతుంటాయండి. ఏది ఎప్పుడు పోద్దో ఎవరు చెప్పగలరు?"

"అన్ని రిపేర్లూ వద్దు. పాలకొల్లు దాకా నడిస్తే చాలు."

"ఎంతసేపండీ! ఏసీ వేస్తే ఆ ఫ్యాను ఒక్కోసారి తిరుగుద్ది. లోపల కూర్చుని అద్దం ఎత్తండి, చూద్దాం."

రాజ్‌కుమార్ కూర్చుని తాళం పెట్టి తిప్పాడు. దుర్గారావే తలుపు మూశాడు. మీట నొక్కితే అద్దం మూలుగుతూ పైకి లేచి, రెండు వేళ్ల సందు మిగిల్చి ఆగింది. ఏసీ లోంచి వేడిగాలి వచ్చింది. ఫ్యాను తిరగలేదు.

కిందికి నొక్కాడు. అద్దం కదల్లేదు.

"ఇది దిగట్లేదండీ!"

"దిగదండి. ఎక్కడం వరకే దాని పని."

"తలుపు తియ్యండి మరి!"

"తీద్దామండి, తొందరేముంది? టీ పుచ్చుకుందురు గాని."

దుర్గారావు భార్య వెంకటదుర్గ టీ తెచ్చింది. గ్లాసు సందులో పట్టలేదు. ఆవిడ నొచ్చుకుంది.

"అయ్యో, బిస్కెట్టయితే పడుద్దండి," అంటూ ఒకటి దూర్చింది. అది రాజ్‌కుమార్ ఒళ్లో పడింది. "చమటలు పట్టేసేయి పాపం. ఇంకోటి వెయ్యమంటారా అన్నయ్యగారూ?"

షెడ్డు గుమ్మం దగ్గర రత్నం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బస్సులో వాళ్లూ నిలబడ్డారు. ఏ ఒక్కరికీ ఊరెళ్లే ధ్యాసున్నట్టు లేదు. బస్సు డ్రైవరు కూడా వచ్చి చూస్తున్నాడు.

పదిన్నర దాటింది. రాజ్‌కుమార్ మీట నొక్కీ నొక్కీ విసిగిపోయాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నోరు సందు దగ్గర పెట్టి అడిగాడు.

"బానెట్టయినా ఎత్తలేదు. దీని రోగాలన్నీ మీకెలా తెలుసండీ?"

దుర్గారావు వంగి, అంతే మర్యాదగా సందులోంచి చెప్పాడు.

"తొమ్మిదేళ్లు దీంతో వేగేనండి, నిన్న సాయంత్రం మురమళ్ళ గుడి బయట మీరెక్కి తోలుకుపోయేదాకా ఇది నాదే గదండీ!"