చీమగారి శిష్యురాలు

“నాన్నా, చీమగారు చెప్పేశారు!”

ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న తండ్రికి ఎదురొచ్చి మరీ చెప్పింది చిట్టి. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

“ఏం చెప్పాడేంటి, అంత గొప్పగా?”

“చెప్పారు,” అని సరిదిద్దింది కూతురు. “నా ప్రోగ్రాంలో ఒకరు లాగిన్ అయితే ఇంకొకరి పేరు కనిపిస్తోందన్నాను కదా? సర్వరులో జవాబులిచ్చే ప్రోగ్రాం ముక్క అందరికీ కలిపి ఒక్కటే ఉంటుందట, హోటల్లో ఒక్కడే వెయిటరు ఉన్నట్టు. వాడు అందరి ఆర్డర్లూ ఒకే కాగితం మీద ఒకరిది కొట్టేసి ఇంకొకరిది రాసుకుంటే నా కాఫీ నీ టేబుల్‌కి పోదూ? ఎవరి వివరాలు వాళ్ళ సెషన్‌లో, అంటే ఎవరి కాగితం వాళ్ళకి విడిగా, పెట్టమన్నారు. పెట్టాను, కుదిరింది!”

“ఆ మాత్రం నేను చెప్పలేనా?”

“చెబుతావు నాన్నా. కానీ ముందు తిడతావు.”

అనేసి గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన రెండో బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కరెంటు బిల్లుల ఆఫీసులో ప్రోగ్రామరాయన. జుట్టు నెరిసింది ఆ పనిలోనే. చదువు అయిపోయాక చిట్టి, పెద్ద కంపెనీల్లో సర్వరు వైపు నడిచే ప్రోగ్రాములు నేర్చుకుంటానని ఇటుకంత పుస్తకం కొనుక్కొచ్చింది. మొదట్లో తండ్రి పక్కనే కూర్చుని చదివేది. ఒకసారి చేసిన తప్పే మళ్ళీ చేసిందని, ఇంటికొచ్చిన మేనత్త ముందు, ఆవిడ పిల్లల ముందు, “నీ బుర్రకిది ఎక్కదు, వదిలెయ్,” అనేశాడు. ఆ పూట పుస్తకం మూసి లోపలికెళ్ళిన పిల్ల మళ్ళీ ఆయన్ని ఒక్క ముక్క అడిగితే ఒట్టు.

తర్వాత ఎక్కడ పట్టుకుందో, ఆ పుస్తకం చదివేవాళ్ళు ఒకరినొకరు సందేహాలు అడుక్కునే వెబ్‌సైటొకటి పట్టుకుంది. అక్కడ దొరికాడు ఈ చీమ. అసలు పేరు లేదు, ఫొటో లేదు. చిట్టి ఏది అడిగినా విసుక్కోకుండా జవాబిస్తాడు. ఇక ఇంట్లో అన్నానికి కూర్చున్నా చీమగారే, టీవీ ముందు కూర్చున్నా చీమగారే.

“అడిగిందే అడిగినా ‘మంచి ప్రశ్నమ్మా’ అంటారు తెలుసా?” అంటుంది చిట్టి. ఆ మాట విన్నప్పుడల్లా తండ్రి టీవీ సౌండు పెంచేసేవాడు.

ఒకరోజు ఆయన ఆఫీసు సంచిలో టిఫిను డబ్బా కోసం చెయ్యి పెట్టిన భార్యకి చిట్టి చదివే పుస్తకమే ఇంకొకటి తగిలింది. పైన న్యూస్ పేపరు అట్ట.

“ఇదేంటండీ?”

“ఆ చీమ తప్పు చెబితే పట్టుకుందామని.”

“పట్టుకున్నారా?”

“ఇంకా లేదు,” అని పుస్తకం లాక్కుని వెళ్ళిపోయాడు.

“ఏంటో, నిజంగానే చీమ కుట్టినట్టు చిందులేస్తున్నారు,” అని భార్య ముసిముసిగా నవ్వుకుని, మళ్ళీ తన ఫోన్లో తల దూర్చింది. ఈమధ్య ఆవిడకీ ఆ ఫోను వదలడం లేదు.

చిట్టికి ఇంటర్వ్యూ వచ్చింది. తను రాసిన ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాం చూపించమన్నారు. తీరా చూస్తే అది మొరాయించింది. రోగి వివరాలు సేవ్ కాకుండానే డాక్టరు టైము మాత్రం బుక్కైపోతోంది. పొద్దుట్నించీ కుస్తీ పట్టి పట్టి చిట్టి కళ్ళు ఎర్రబడ్డాయి.

తండ్రి తలుపు దగ్గర తచ్చాడి, తచ్చాడి, “నేను చూడనా?” అన్నాడు.

“వద్దు నాన్నా. చీమగారిని అడిగాను.”

“పలకలేదుగా ఇంకా!”

“పలుకుతారు. ఆయన నన్నెప్పుడూ వదిలెయ్యలేదు.”

వదిలెయ్. తను అన్నమాటే. ఆయన చెప్పులేసుకుని, పాలు తెస్తానని బయటికి పోయాడు.

తిరిగొచ్చేసరికి చిట్టి కుర్చీలో గెంతులేస్తోంది. “రెండు పనుల్నీ ఒకే మూటలో కట్టాలట నాన్నా! జరిగితే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు. ట్రాన్సాక్షన్ అంటే అదేనట. పుస్తకంలో ఆ అధ్యాయం పదిసార్లు చదివినా బోధపడనిది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశారు!”

వంటింట్లో భార్య ఫోను గబుక్కున గట్టు మీద పెట్టి, “పాలేవండీ?” అంది.

“కోపంలో మర్చిపోయాను,” అన్నాడాయన.

ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం చిట్టి కాలు ఒకచోట నిలవలేదు.

“ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగారు నాన్నా. చీమగారి గురించి చెప్పాను.”

“ఇంట్లో నీ తండ్రి ఇదే పని చేసి జుట్టు నెరుపుకున్నాడని చెప్పలేదూ?”

చిట్టి తలొంచుకుంది. “నువ్వు కూడా అలా ఓపిగ్గా చెప్పుంటే, నీ పేరే చెప్పేదాన్ని నాన్నా.” మళ్ళీ తలెత్తి, “ఆయన్ని ఆదివారం మనింటికి భోజనానికి పిలుస్తూ ఇప్పుడే రాశాను. వస్తే నువ్వు మాత్రం ఏమీ అనకూడదు,” అని గదిలోకి వెళ్ళింది.

ఆయన బాల్కనీలో కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. భార్య వెనకాలే వచ్చింది.

“కన్నకూతురు బాగుపడితే సంతోషించక, ఎందుకండీ ఆ కుళ్ళు?”

“నా బిడ్డ వాడి పేరు ఎలా చెబుతోందో విన్నావా? మంచి చీర కట్టుకున్నంత మురిపెంగా! ఆ చీమకున్నదేంటి, నాకు లేనిదేంటి?”

“ఓపిక,” అంది భార్య, ఆరిన బట్టలు తీసుకుని లోపలికి పోతూ.

లోపల్నించి, “అమ్మా, చీమగారు రిప్లై ఇవ్వలేదే,” అని చిట్టి దిగులుగా అనడం వినిపించింది.

ఆయన జేబులోంచి ఫోను తీసి, ఆ వెబ్‌సైటు తెరిచి, ‘తప్పకుండా వస్తానమ్మా’ అని కూతురికి జవాబు రాశాడు.