ఎదురు కర్ర

యోగానంద్ కోదండరామ్‌ని మళ్ళీ వరస చివరికి నెట్టాడు. ఈసారి మోకాళ్ళ నొప్పులు వంక పెట్టాడు.

“కోదండరామ్ గారూ, మీరు ఆ చివరికెళ్ళండి. నా ఎదురు వంశీధర్ నిలబడతాడు. కుర్రాడు, చురుగ్గా ఉంటాడు.”

“నీ ఎదురు నేనుంటా.”

“మోకాళ్ళు నొప్పులన్నారుగా?”

“అవి నా మోకాళ్ళు.”

మే ఒకటో తారీఖు, ఇంకా తెల్లవారలేదు. పార్కులో నోటి వెంట పొగలొచ్చే చలి. కెనడాలో కూడా ఒక లండన్ ఉంది, అక్కడి సంగతి ఇది. మోరిస్ డాన్స్ అని ఇంగ్లీషువాళ్ళ పల్లెటూరి ఆట. తెల్ల బట్టలేసుకుని, మోకాళ్ళ కింద గజ్జెలు కట్టుకుని, రెండు చేతులా కర్రలు పట్టుకుని ఎదుటివాడి కర్రలకేసి కొట్టాలి. మన కోలాటానికి దూరపు చుట్టం. మే ఒకటిన సూర్యుణ్ణి ఆడి లేపాలని వాళ్ళ ఆచారం.

ఆడేవాళ్ళు ముసలివాళ్ళై మూలపడి, జట్టు మూతబడే సమయానికి ఊళ్ళోకి మన విద్యార్థులు వరదలా వచ్చిపడ్డారు. ఒక్కో బేస్‌మెంట్లో ఎనిమిదేసి మంది. వాళ్ళకి వీసాలు చేయించే యోగానంద్ పదిమందిని తెచ్చి జట్టులో చేర్చి, తను పెద్ద అయి కూర్చున్నాడు. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసి వేర్‌హౌస్‌లో పెట్టెలెత్తే కోదండరామ్‌ని మాత్రం ఎవరూ పిలవలేదు. తనే వచ్చి చేరాడు.

అకార్డియన్ వాయించే మార్గరెట్‌కి ఎనభై దాటాయి. ఆవిడ పెట్టె భుజాన వేసుకుంటూ తగువు తీర్చింది. “ఎవరెదురు ఎవరు నిలబడ్డారో వాళ్ళే జత. మళ్ళీ మే దాకా మార్చకూడదు. చెయ్యి మారితే వేళ్ళు విరుగుతాయి.”

అప్పటికే కోదండరామ్ యోగానంద్ ఎదుట కర్రలెత్తి నిలబడి ఉన్నాడు.

పాట మొదలైంది. దెబ్బ దెబ్బకీ కోదండరామ్ ఏదో గొణుగుతున్నాడు. గజ్జెల మోతలో అది ఎదుటివాడికి తప్ప ఎవరికీ వినపడదు. మూడో దెబ్బకి యోగానంద్ తన బొటనవేలు తనే కొట్టుకున్నాడు.

ఆట అయ్యాక వంశీధర్ అడిగాడు. “ఏంటంకుల్ ఆ గొణుగుడు?”

“మా ఊరిది.”

“కోలాటం పాటా?”

“మా తాతల నాటిది. మా నాన్న నా చేతికిచ్చి పోయాడు.”

కుర్రాడు గౌరవంగా తలూపాడు.

జూలైలో కెనడా డే ఊరేగింపుకి యోగానంద్ చెవుల్లో దూది పెట్టుకొచ్చాడు. గజ్జెల చప్పుడుకి తలనొప్పి వస్తోందట. కోదండరామ్ గొంతు కొంచెం పెంచాడు. “నీలా ఒళ్ళంతా తాళంలో పెట్టి ఆడేవాణ్ణి ఈమధ్య చూడలేదు,” అంది మార్గరెట్.

సెప్టెంబరులో జట్టంతా యాపిల్ తోటకి వెళ్ళింది. ఆ రోజు డాన్స్ లేదు. యోగానంద్ ఫోను చెవికి ఆనించుకుని, కోదండరామ్ ఈ వరసలోకొస్తే ఆ వరసలోకి పోతున్నాడు.

“యోగానంద్ అంకుల్ ఎప్పుడూ ఫోన్లోనే ఉంటారేంటి?” అంది చాందిని. ఆ అమ్మాయిదీ ఆయన చేయించిన వీసానే.

“నన్ను చూస్తే మోగుద్దమ్మా ఆ ఫోను. డాన్సులో అయితే రెండు చేతులా కర్రలుంటయ్.”

చాందిని నవ్వింది. “మిమ్మల్ని కెనడా తెచ్చింది ఆయనేనటగా. మరెందుకంకుల్ అంత కోపం?”

“తెచ్చాడు. కాదన్నానా? ఊరికే తేలేదుగా.” అని కోదండరామ్ ఒక యాపిల్ తుంచి, పుల్లగా ఉందని చెట్టు మొదట్లో పెట్టాడు.

డిసెంబరులో పబ్‌లో విందు. యోగానంద్ గ్లాసు మోగించి లేచాడు. “పెద్దవాళ్ళ ఆరోగ్యం మన బాధ్యత. ఇకనుంచి ముప్పై ఏళ్ళ లోపువాళ్ళే ఆడితే బాగుంటుంది. ఓటు పెడదాం.”

కోదండరామ్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఆ ఎదుటి చోటు కూడా పోతే తనకింక ఏమీ మిగలదు. కుర్రాళ్ళందరి కాగితాలూ యోగానంద్ దగ్గరే ఉన్నాయి. ఎవరి చేతులు లేస్తాయో చెప్పనక్కర్లేదు.

మార్గరెట్ బీరు గ్లాసు కింద పెట్టింది. “అయితే నా పెట్టె ఎవరు వాయిస్తారో కూడా ఓటు పెట్టు. నేనూ వెళ్ళిపోతాను.”

ఓటు అక్కడే ఆగిపోయింది. కోదండరామ్ ముద్ద మింగాడు.

కొత్త సంవత్సరంలో విద్యార్థి వీసాలు బిగించారు. యోగానంద్ ఆఫీసులో కుర్చీలు ఖాళీ అయ్యాయి. మే ఆట అయ్యాక మాంట్రియల్ వెళ్ళిపోతున్నానని చల్లగా చెప్పాడు.

“మీకు హాయేగా అంకుల్, వంక పెట్టే మనిషి పోతున్నాడు,” అన్నాడు వంశీధర్.

ఆ వారమంతా కోదండరామ్ వేర్‌హౌస్‌లో పెట్టె కింద పెట్టినప్పుడల్లా గొణుగుతూనే ఉన్నాడు.

మళ్ళీ మే ఒకటి వచ్చింది. మబ్బు పట్టి సూర్యుడు లేవలేదు, వీళ్ళు మాత్రం ఆడారు. కోదండరామ్ మోకాలికి గుడ్డ చుట్టుకుని ఒక్క దెబ్బ తప్పకుండా ఆడాడు. యోగానంద్ బొటనవేలు నల్లబడింది.

టీ తాగుతుంటే మార్గరెట్ ఒక పాత కర్ర తెచ్చి కోదండరామ్ చేతిలో పెట్టింది. జట్టు పెట్టినాయన వాడిన కర్ర అది. “ఏడాదంతా తాళం తప్పనివాడివి నువ్వే. ఆడేటప్పుడు నువ్వనే ఆ మాటలు పిల్లలకి నేర్పు. ఇకనుంచి జట్టంతా అవే అంటుంది.”

“వద్దులే మార్గరెట్,” అన్నాడు యోగానంద్. “అది తెలుగు. నీకర్థం కాదు.”

“అర్థం కానక్కర్లేదు. మాట దెబ్బ మీద పడితే చాలు.”

యోగానంద్ చెయ్యి ఫోను కోసం జేబులోకి వెళ్ళింది. కుర్రాళ్ళు అప్పటికే వరస కట్టి కర్రలెత్తారు.

“మీరు ఒక్కసారి గట్టిగా అనండంకుల్,” అన్నాడు వంశీధర్. “మేం అందుకుంటాం.”

కోదండరామ్ గొంతు సవరించుకున్నాడు. కర్రకి కర్ర కొట్టి, పార్కంతా వినపడేలా అందుకున్నాడు.

“యోగానందం, తిరిగి రాసివ్వు నా పొలం, ఎకరం డెబ్బై సెంట్లు.”